భద్రత ఒకరికి, సంకెళ్లు ఇంకొకరికా?

1994 జూన్ 27 రాత్రి, జపాన్‌లోని మాట్సుమోటో. పెంపుడు కుక్క గిలగిల్లాడుతోందని పెరట్లోకి వెళ్లిన ఒకాయన వెనక్కి వచ్చేసరికి భార్య కుప్పకూలి ఉంది. ఆయన కళ్లూ మసకబారుతున్నాయి. ఎలాగో ఫోన్ అందుకుని అంబులెన్స్‌ను పిలిచాడు. ఆ రాత్రి ఆ వీధిలోకి ఎవరో వదిలింది సారిన్ అనే విషవాయువు. ఏడుగురు చనిపోయారు. ఆయన భార్య కోమాలోకి వెళ్లింది.

మర్నాడు పోలీసులు సోదా చేసింది ఆ ఫోన్ చేసిన మనిషి ఇంటినే. ఫొటోలు కడగడానికి వాడే రసాయనాలు కొన్ని దొరికాయి. ఇక వేరే ఆధారం అక్కర్లేదనుకున్నారు. ఆస్పత్రి నుంచి బయటికి రాగానే గంటల తరబడి ప్రశ్నించారు. పత్రికలు ఆయన్నే దోషిగా చూపించాయి. ఇంటికి బెదిరింపు ఉత్తరాలు, ఫోన్లు. అలా తొమ్మిది నెలలు గడిచాయి. 1995 మార్చి 20 ఉదయం, ఆఫీసులకు వెళ్లే వేళ, టోక్యో భూగర్భ రైళ్లలో అదే విషం మళ్లీ లేచింది. వేల మంది ఆస్పత్రుల పాలయ్యారు. చివరి బాధితురాలు 25 ఏళ్లు మంచం మీదే ఉండి 2020లో కన్నుమూశారు. ఆమెతో కలిపి చనిపోయినవారు 14 మంది.

ఈ రెండు దాడులూ చేసింది షోకో అసహరా అనే గురువు నడిపిన ఓమ్ షిన్రిక్యో మతశాఖ. దానికి 1989 ఆగస్టులో మతసంస్థగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఒక లాయరు, ఆయన భార్య, ఏడాది దాటిన పసివాడు ఇంట్లోంచి మాయమయ్యారు. ఓమ్‌లో చేరి ఇల్లు విడిచిన పిల్లల కోసం తల్లిదండ్రుల తరఫున పోరాడుతున్న లాయరు ఆయన. ఇంట్లో ఆ శాఖ బ్యాడ్జి ఒకటి పడి ఉంది. అంతకన్నా గట్టి ఆచూకీ ఏముంటుంది? అయినా దర్యాప్తు ఓమ్ గుమ్మం దాకా గట్టిగా వెళ్లలేదు. ముగ్గురి మృతదేహాలూ దొరికింది 1995 సెప్టెంబరులో.

పోలీసులు అంతగా వెనకాడటానికి చెప్పే కారణాల్లో ఒకటి గౌరవించదగ్గది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ దేశంలో ప్రభుత్వం మతశాఖలను ఉక్కుపాదంతో అణిచేసింది. యుద్ధం తర్వాత వచ్చిన రాజ్యాంగం మతస్వేచ్ఛకు గట్టి హామీ ఇచ్చింది. మతసంస్థ మీద చెయ్యి వేస్తే పాత రోజులు తెస్తున్నారంటారన్న జంకు అధికారుల్లో ఉండేది. ఆ జంకులో మంచి ఉంది. కానీ అది ఏ ఇంటి ముందు పనిచేసిందో చూడండి. హత్య జాడలు కనిపిస్తున్న సంస్థ ముందు పనిచేసింది. సాయం కోసం ఫోన్ చేసిన సామాన్యుడి ఇంటి ముందు పనిచేయలేదు. ఒకే పోలీసు వ్యవస్థ ఒకరి విషయంలో మితిమీరింది, ఇంకొకరి విషయంలో చేతులు ముడుచుకుంది. స్వేచ్ఛ ఎక్కువైందనో, భద్రత తక్కువైందనో ఒక్క మాటలో ఈ కథను తేల్చలేం. నేను మాట్లాడదలుచుకున్నది ఈ తేలని చోటు గురించే.

మతతీవ్రవాదం మీద చర్చ ఎక్కడ మొదలైనా తక్కెడ ఒకటి ముందుకొస్తుంది. ఒక పళ్లెంలో స్వేచ్ఛ, ఇంకో పళ్లెంలో భద్రత. ప్రమాదం పెరిగింది కాబట్టి కొంత స్వేచ్ఛ వదులుకోవాలి, తప్పదు అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వదులుకునేది ఎవరు? విమానాశ్రయంలో బెల్టు విప్పి ట్రేలో పెట్టడం అందరికీ ఉన్నదే. విచారణ లేకుండా ఏళ్ల తరబడి జైల్లో ఉండటం అందరి వంతూ కాదు. ప్రార్థనకు వెళ్లినచోట పక్కన కూర్చున్నవాడు పోలీసుల మనిషేమోనని నోరు విప్పడానికి జంకడం అందరి వంతూ కాదు. పేరు, గడ్డం, తలమీది గుడ్డ చూసి ఆపేది కొందరినే. త్యాగం చేద్దామని పిలుపునిచ్చేవాళ్లలో చాలామందికి అందులో తమ వాటా ఏమీ ఉండదు. పక్కవాడి స్వేచ్ఛను అమ్మి మన భద్రత కొనుక్కుంటూ దానికి సమతుల్యం అని పేరు పెడుతున్నాం.

ఈ మాట నా సొంత ఊహ కాదు. బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ముందు ఈ ప్రశ్న సూటిగా నిలబడింది. అమెరికా మీద 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత బ్రిటన్ ఆదరాబాదరాగా ఒక చట్టం చేసింది. ఉగ్రవాది అని అనుమానం ఉన్న విదేశీయుణ్ని స్వదేశానికి పంపడం కుదరకపోతే, నేరారోపణే లేకుండా ఎంతకాలమైనా నిర్బంధించవచ్చన్నది దాని సారాంశం. కొందరిని బెల్మార్ష్ జైల్లో పెట్టారు. 2004 డిసెంబరు 16న, అప్పట్లో ఆ దేశపు తుది కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు 8-1 మెజారిటీతో ఆ నిర్బంధం మానవ హక్కులకు విరుద్ధమన్నారు. వాళ్ల తర్కం సూటిగా ఉంది. అదే ప్రమాదం బ్రిటిష్ పౌరుల నుంచి కూడా ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంటోంది. పౌరుణ్ని బయట ఉంచి కట్టడి చేయగలిగినప్పుడు విదేశీయుణ్ని మాత్రమే జైల్లో పెట్టడం ఎందుకు? వాళ్లలో ఒకరైన లార్డ్ హాఫ్‌మన్ మరో అడుగు ముందుకేసి, జాతి ప్రాణానికి అసలు ముప్పు ఉగ్రవాదం నుంచి కాదు, ఇలాంటి చట్టాల నుంచే అన్నారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా గమనించదగ్గది. 2005 జులైలో లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. నాలుగు నెలలకే, ఉగ్రవాద అనుమానితులను ఆరోపణ లేకుండా 90 రోజులు కస్టడీలో ఉంచే అధికారం కావాలని టోనీ బ్లెయిర్ ప్రభుత్వం పార్లమెంటును అడిగింది. ఈసారి చట్టం విదేశీయులకే కాదు, అందరికీ. అధికార పక్షం సభ్యులే పలువురు అడ్డం తిరిగారు. ప్రతిపాదన ఓడిపోయింది. 28 రోజులకు ఒప్పుకున్నారు. 2008లో 42 రోజులు అడిగితే ఎగువ సభ తోసిపుచ్చింది. 2011 నాటికి గడువు 14 రోజులకు దిగింది. కళ్లముందు శవాలున్న సమాజమే, భారం తన మీద కూడా పడుతుందనేసరికి ప్రతి రోజుకూ లెక్క అడిగింది. 2001లో అనంతకాలం అన్నప్పుడు ఇంత పట్టుదల లేదు.

అందుకే భద్రతా చట్టం ఏది ముందుకొచ్చినా నేను ముందు వెతికేది దాని బరువు ఎవరి భుజం మీద పడుతోందన్నది. అందరి మీదా పడితే అందులో అనవసరమైనదాన్ని సమాజమే కత్తిరిస్తుంది. కొందరి మీదే పడితే మిగతావాళ్లకు దాని నొప్పి తెలియదు, ప్రశ్న పుట్టదు. కొందరిని ఏరి వాళ్లకే చట్టం వర్తింపజేసే వెసులుబాటు అధికారులకు ఇవ్వడం కన్నా నిరంకుశత్వానికి పెద్ద తలుపు లేదని అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ 1949లోనే హెచ్చరించారు.

ఇక రెండో ప్రశ్న. పోగొట్టుకున్న స్వేచ్ఛకు బదులుగా భద్రత నిజంగా వచ్చిందా? ఈ లెక్క ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

శ్రీలంకను తీసుకుందాం. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. కొలంబో, నెగొంబో, బట్టికలోవాలలో మూడు చర్చిలు, కొలంబోలోని పెద్ద హోటళ్లు. 270 మంది దాకా బలయ్యారు. ఆ దేశంలో ఉగ్రవాద నిరోధక చట్టానికి లోటా అంటే, 1979 నుంచీ ఉంది. తాత్కాలికమని తెచ్చి, మూడేళ్లకే శాశ్వతం చేసిన చట్టం అది. అనుమానం మీద నెలల తరబడి లోపల పెట్టే అధికారం ఇస్తుంది. అంత అధికారం చేతిలో ఉండీ ఏం చేశారు? ఏప్రిల్ 4 నుంచే భారత నిఘా వర్గాలు హెచ్చరించాయి. దాడుల సూత్రధారి జహ్రాన్ హషీమ్ పేరు అధికారులకు కొత్త కాదు. అతని ఊరు కాత్తాన్‌కుడిలో అతని ద్వేష ప్రసంగాలను, దౌర్జన్యాన్ని తొలుత ఎదిరించింది, ఫిర్యాదు చేసింది తోటి ముస్లింలే. హెచ్చరిక కాగితాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మారాయి. చర్చిల గేట్ల దాకా రాలేదు. 2023 జనవరి 12న శ్రీలంక సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన తన సొంత సొమ్ములోంచి 10 కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు పరిహారంగా కట్టాలని తీర్పు చెప్పింది. పోలీసు, నిఘా ఉన్నతాధికారులకూ అలాంటి ఆదేశమే ఇచ్చింది.

ఆపలేకపోయిన ఆ చట్టం దాడుల తర్వాత మాత్రం చురుగ్గా పనిచేసింది. 2020 మే నెలలో ఒక యువ కవిని అరెస్టు చేశారు. అతను తమిళంలో వేసిన కవితల పుస్తకం తీవ్రవాదాన్ని నూరిపోస్తోందని ఆరోపణ. ఏడాదిన్నర జైల్లో ఉన్నాక బెయిలు వచ్చింది. 2023 డిసెంబరులో కోర్టు నిర్దోషి అంది. నిఘా నివేదిక చదవనివాళ్లు కవిత్వాన్ని మాత్రం అనుమానంతో చదివారు.

నార్వేది మరో తరహా. క్రైస్తవ ఐరోపాను కాపాడే యోధుణ్నని చెప్పుకున్న ఒక హంతకుడు 2011 జులై 22న ఓస్లోలో ప్రభుత్వ భవనాల ముందు బాంబు పేల్చి, ఉటోయా దీవికి వెళ్లి శిబిరంలో ఉన్న పిల్లలను వేటాడాడు. మొత్తం 77 మంది చనిపోయారు. బాంబు పేలిన కొద్ది నిమిషాలకే దారిన పోయే ఒకాయన పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసు దుస్తుల్లో, చేతిలో తుపాకీతో ఒకడు వ్యానెక్కి వెళ్లాడని చెప్పి బండి నంబరు కూడా ఇచ్చాడు. ఫోన్ తీసినవారు దాన్ని కాగితం మీద రాసి పై అధికారి బల్ల మీద పెట్టారు. ఆ చీటీ ఇరవై నిమిషాల పాటు అలాగే పడి ఉంది. ఆ వ్యాను ఉటోయా వైపు సాగిపోతోంది. ప్రభుత్వ కార్యాలయాల ముందు వీధిలో వాహనాలు ఆపేయాలన్న నిర్ణయం అంతకు కొన్నేళ్ల ముందే జరిగింది, అమలు కాలేదు. 2012 ఆగస్టులో విచారణ కమిషన్ ఇవన్నీ నిర్మొహమాటంగా బయటపెట్టింది. కమిషన్ ఎత్తిచూపిన ఈ లోపాల్లో చట్టం లేకపోవడం వల్ల జరిగినది లేదు. ఉన్నది ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అమెరికాలోనూ అంతే. 2001 దాడుల్లో పాల్గొన్న ఇద్దరి ఆచూకీ సీఐఏకి ముందే తెలిసినా, అది ఎఫ్‌బీఐకి సకాలంలో చేరలేదని 2004లో విచారణ కమిషన్ రాసింది. దానికి మందుగా చేసిందేమిటంటే ప్రజలందరి ఫోన్ రికార్డులూ పోగెయ్యడం. నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో గుట్టు విప్పాక, ప్రభుత్వమే నియమించిన స్వతంత్ర మండలి ఒకటి ఈ కార్యక్రమాన్ని పరిశీలించింది. ఈ రికార్డుల వల్ల ఫలితం మారిన ఉగ్రవాద దర్యాప్తు ఒక్కటీ కనిపించలేదని 2014 జనవరిలో చెప్పింది. న్యూయార్క్ పోలీసులు ముస్లింలు ఎక్కడ కూర్చుంటారు, ఏం మాట్లాడుకుంటారు అని చిట్టా రాయడానికి ప్రత్యేక విభాగమే పెట్టుకున్నారు. ఆ సమాచారంతో ఒక్క కేసూ మొదలు కాలేదని ఆ శాఖ ఉన్నతాధికారి 2012లో ప్రమాణం చేసి చెప్పాడు. 2014లో దాన్ని మూసేశారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటాం కదా, ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు. దొరికింది తవ్వకం కింద నలిగిన మనుషుల అపనమ్మకం. కాత్తాన్‌కుడిలో లాగా తమలోని హంతకుణ్ని ముందుగా పసిగట్టేది ఆ మనుషులే. వాళ్ల నోరు మూతపడితే పోలీసుకు మిగిలేది యంత్రం ఒక్కటే.

ఒకవైపే చూడటం వల్ల ఇంకో నష్టం ఉంది. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని ఒకడు కాల్చి చంపాడు. భద్రతా సంస్థల వనరులు ఇస్లామిస్టు తీవ్రవాదం మీదే తగని స్థాయిలో కేంద్రీకృతమయ్యాయని అక్కడి రాయల్ కమిషన్ తేల్చింది. అలా ఉండకపోయినా ఈ దాడిని ముందే పట్టుకోగలిగేవారని మాత్రం అది చెప్పలేదు. అంత నిజాయితీగా రాసిన నివేదికలు అరుదు. మతోన్మాదానికి ఒకే మతం ఉంటుందని నమ్మే సమాజం తనకు తానే ఒక కన్ను పొడుచుకుంటుంది.

ఇక్కడిదాకా ఒప్పుకున్నవాళ్లు కూడా తర్వాతి ప్రశ్న దగ్గర ఆగుతారు, ఆగాలి కూడా. మతతీవ్రవాదం మామూలు నేరం లాంటిది కాదు. దాని వెనక ఒక నమ్మకం ఉంది, బోధ ఉంది, స్వర్గం వాగ్దానం ఉంది. ఆ బోధను వదిలేసి తుపాకీ చేతికి వచ్చాకే పట్టుకుంటామంటే ఆలస్యం కాదా? జహ్రాన్ ముందు మాట్లాడాడు, తర్వాతే చంపాడు. అసహరా కూడా అంతే.

ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయలేను. కానీ నమ్మకాన్నే నేరంగా చూస్తే ఎక్కడికి చేరతామో చెప్పే దేశాలు రెండు ఉన్నాయి. చైనా 2017 ఏప్రిల్ 1 నుంచి షిన్‌జియాంగ్‌లో తీవ్రవాద నిర్మూలన నిబంధనలు తెచ్చింది. అసాధారణంగా గడ్డం పెంచడం, ముఖం కప్పుకోవడం తీవ్రవాద లక్షణాల్లో చేరాయి. ఆ తర్వాత పెద్ద ఎత్తున వీగర్ ముస్లింలను శిబిరాల్లో పెట్టారు. అవి మానవాళిపై నేరాలు కావచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న నివేదించింది. గడ్డాన్ని చూసి మనసును కొలిచే చోట ఎవరు ప్రమాదకరమో రాజ్యానికీ తెలియదు. అందుకే అందరినీ లోపల వేయాల్సి వస్తుంది.

రష్యాది మరీ బాధ కలిగించే ఉదంతం. అక్కడి తీవ్రవాద నిరోధక చట్టం ప్రకారం తీవ్రవాదం అనడానికి హింస ఉండాల్సిన పనిలేదు. తమ మతమే గొప్పదని చెప్పుకోవడం కూడా అందులోకి వస్తుంది. 2017 ఏప్రిల్ 20న రష్యా సుప్రీంకోర్టు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖను తీవ్రవాద సంస్థగా ప్రకటించి నిషేధించింది. వాళ్లు ఆయుధం పట్టరు. సైన్యంలో చేరమన్నా చేరరు. ఇళ్లలో కూడి బైబిలు చదువుకున్నందుకు వాళ్లలో ఎందరో జైళ్లకు వెళ్లారు. హింస అన్న గీటురాయిని నిర్వచనంలోంచి తీసేస్తే, చంపడం తమ మతానికే విరుద్ధమనే మనుషులు కూడా ఉగ్రవాదులవుతారు.

అంతర్జాతీయ చట్టంలో ఒక చిన్న విషయం ఉంది. చాలామంది గమనించరు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 18వ అధికరణం నమ్మకాన్ని, ఆచరణను విడదీసింది. నమ్మే హక్కును ఏ పరిస్థితిలోనూ కుదించడానికి వీల్లేదు. ఆచరణకు హద్దులు పెట్టవచ్చు, కారణాలు కూడా అక్కడే ఉన్నాయి. ప్రజల క్షేమం, శాంతి, ఆరోగ్యం, నైతికత, ఇతరుల హక్కులు. భావప్రకటన, సమావేశం వంటి హక్కులకు హద్దులు చెప్పినచోట కనిపించే జాతీయ భద్రత అన్న మాట ఇందులో లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు అది. జాతీయ భద్రత పేరుతో మతాన్ని కట్టడి చేయడం కుదరదని ఐరాస మానవ హక్కుల కమిటీ 1993లో వివరణ కూడా ఇచ్చింది. మనుషులకు హాని జరుగుతుందంటే ఆపవచ్చు. రాజ్యానికి ఇబ్బందిగా ఉందంటే మాత్రం చాలదు.

అయితే బోధను పూర్తిగా వదిలేయాలా? లేదు. మాట ఎప్పుడు చేత అవుతుందో చూడాలి. భారత సుప్రీంకోర్టు 2015లో ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసినప్పుడు చర్చ, సమర్థన, ప్రేరేపణ అని మూడు మెట్లు చూపించింది. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా మాటలే. మూడో మెట్టు దగ్గరే చట్టం కల్పించుకోవాలి. ఫలానా వాళ్లను చంపడం పుణ్యం అని జనాన్ని ఎగదోయడం, దానికి డబ్బు పోగెయ్యడం, ఆయుధాల శిక్షణ, ఒక మనిషి పేరు, చిరునామా ఇచ్చి గుంపును వదలడం, ఇవన్నీ పనులే. వీటికి శిక్షలు కఠినంగానే ఉండాలి. ఫ్రాన్స్‌లో 2020 అక్టోబరు 16న ఉపాధ్యాయుడు శామ్యూల్ పాటీ తల నరికినవాడు ఆయన్ను అంతకు ముందు ఎరగడు. తరగతిలో ప్రవక్త ముహమ్మద్ కార్టూన్లు చూపించాడంటూ ఆయన పేరుతో, బడి పేరుతో సోషల్ మీడియాలో జరిగిన ప్రచారమే హంతకుణ్ని అక్కడికి చేర్చింది. ఆ తర్వాతి ఏడాది, హాని కలిగించే ఉద్దేశంతో ఒకరి వ్యక్తిగత వివరాలు బయటపెట్టడాన్ని ఫ్రాన్స్ నేరం చేసింది. ఆ ఒక్క నిబంధన వరకూ నేను సమర్థిస్తాను. అది నమ్మకం జోలికి పోలేదు, ఉచ్చు పన్నే చేతిని పట్టుకుంది.

తీవ్రవాదం వైపు జారుతున్నవాళ్లను ముందే గుర్తించి దారి మళ్లించాలన్న ఆలోచన మంచిదే, అమలే కష్టం. బ్రిటన్ 2015లో బడులకు, ఆస్పత్రులకు దీన్ని చట్టబద్ధ విధిగా అప్పగించింది. ఆ మరుసటి ఏడాది లూటన్‌లో నాలుగేళ్ల పిల్లాడి బొమ్మ ఒకటి వార్తల్లోకి ఎక్కింది. నాన్న కత్తితో దోసకాయ తరుగుతున్న బొమ్మ అది. ఏం గీశావురా అంటే వాడు 'కుకుంబర్' అన్నాడు. శిశుపాఠశాల సిబ్బందికి 'కుక్కర్ బాంబ్' అని వినిపించింది. పిల్లాణ్ని తీవ్రవాద నివారణ కార్యక్రమానికి పంపాలని తల్లితో అన్నారు. ఈ ముచ్చటకు నవ్వుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తల్లి స్థానంలో నిలబడితే నవ్వు రాదు. ఇదే కార్యక్రమం ముందుకు అంతకు రెండేళ్ల క్రితం, 2014లో, ఒక కుర్రాణ్ని అతని బడి పంపింది. కొంతకాలానికి అతని ఫైలు మూసేశారు. 2021 అక్టోబరు 15న పార్లమెంటు సభ్యుడు డేవిడ్ అమెస్‌ను పొడిచి చంపింది అతనే. ఉపాధ్యాయుణ్ని కాపలాదారు చేస్తే అతను భయంతో ప్రతి బొమ్మా పైకి పంపుతాడు. పైన ఉన్నవాళ్ల ముందు కుప్ప పేరుకుంటుంది. నిజంగా ఆగి చూడాల్సిన ఒక్క కాగితం ఆ కుప్పలో కలిసిపోతుంది.

ఇప్పటిదాకా రాజ్యం చేతి కిందికి వచ్చే స్వేచ్ఛ గురించే మాట్లాడాను. తీవ్రవాది చేతి కింద నలిగే స్వేచ్ఛ ఇంకొకటి ఉంది. హక్కుల గురించి రాసే మాలాంటివాళ్లం దాన్ని కొన్నిసార్లు తక్కువ చేసి మాట్లాడామని ఒప్పుకోవాలి. మతం మారినవాడు, మతం వదిలినవాడు, ప్రేమించి పెళ్లి చేసుకున్నవాడు, దేవుణ్ని ప్రశ్నించినవాడు, వీళ్లకు భద్రతే స్వేచ్ఛ. బంగ్లాదేశ్‌లో 2013 ఫిబ్రవరిలో ఒక నాస్తిక బ్లాగరును నరికి చంపారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం నలుగురు బ్లాగర్లను అరెస్టు చేసింది, మతాన్ని కించపరిచారని. చంపినవాళ్ల కోరిక సగం ప్రభుత్వమే తీర్చినట్టయింది. 2015లో నాస్తిక రచయిత అవిజిత్ రాయ్‌ను ఢాకా పుస్తక ప్రదర్శన నుంచి బయటికి వస్తుండగా నడివీధిలో నరికారు. ఆ ఏడాదంతా హత్యలు ఆగలేదు.

శాంతిభద్రతల పేరుతో పుస్తకం ఆపడం, సభ రద్దు చేయడం, బెదిరింపు అందుకున్నవాడినే ఊరు విడిచి పొమ్మనడం చాలా దేశాల్లో పోలీసులకు తేలికైన దారి. గుంపును ఆపడం కన్నా ఒక మనిషిని ఆపడం సులువు కదా. 1989లో రంగరాజన్ కేసులో భారత సుప్రీంకోర్టు ఈ దారిని మూసేసింది. ఊరేగింపులు చేస్తాం, హింస జరుగుతుందన్న బెదిరింపులకు లొంగి భావస్వేచ్ఛను అణచడానికి వీల్లేదని, రెచ్చిపోయిన గుంపును అదుపు చేయలేనని రాజ్యం చేతులెత్తేయకూడదని చెప్పింది. తీర్పు వచ్చి 35 ఏళ్లు దాటినా ఆచరణలో అది ఎంత మిగిలిందన్నది పాఠకులకు తెలుసు. ఇక్కడ నాకు కావలసింది పోలీసు బలం తగ్గడం కాదు, పెరగడమే. కాకపోతే ఆ బలం మాట్లాడేవాడి పక్కన నిలబడాలి.

ప్రత్యేక చట్టాలు వద్దేవద్దు అనేవాళ్లూ ఉన్నారు. నేను అంతదూరం పోను. కానీ వాటికి కొన్ని గొళ్లాలు ఉండాలి. మొదటిది కాలపరిమితి. 2015 నవంబరులో పారిస్‌లో 130 మందిని చంపాక ఫ్రాన్స్ ప్రకటించిన అత్యవసర పరిస్థితి దాదాపు రెండేళ్లు సాగింది. తొలి నెలల్లోనే మూడు వేలకు పైగా సోదాలు చేశారు. ఆ డిసెంబరులో వాతావరణ సదస్సు జరుగుతుంటే అదే అధికారంతో 24 మంది పర్యావరణ కార్యకర్తలను ఇళ్లు కదలొద్దన్నారు. వాళ్లకూ ఆ దాడులకూ ఏం సంబంధం? 2017లో అత్యవసర పరిస్థితి ఎత్తేస్తూ అందులోని చాలా అధికారాలను మామూలు చట్టంలో కలిపేశారు. తాత్కాలికం అన్న మాటను అధికారం ఎప్పుడూ తన భాషలోనే అర్థం చేసుకుంటుంది.

రెండోది, పొరపాటు జరిగితే ఎవరు మూల్యం చెల్లిస్తారన్నది. భారతదేశంలో 1985లో తెచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద పదేళ్లలో 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడింది 2 శాతం లోపు వాళ్లకే. తర్వాత అలాంటిదే పోటా చట్టం వచ్చింది. 2002 సెప్టెంబరు 24న గాంధీనగర్ అక్షరధామ్ ఆలయంలో ఇద్దరు ముష్కరులు భక్తులతో సహా 30 మందికి పైగా మనుషులను చంపారు. ఘోరం. భక్తితో గుడికి వచ్చినవాళ్ల ప్రాణాలవి. కుట్రదారులంటూ ఆరుగురికి పోటా కోర్టు శిక్ష వేసింది, అందులో ముగ్గురికి ఉరి. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. అసలు దోషులను పట్టుకోవాల్సింది పోయి అమాయకులను ఇరికించారని దర్యాప్తును తీవ్రంగా తప్పుపట్టింది. అప్పటికి కొందరి జీవితంలో పదేళ్లకు పైగా జైలుకే పోయాయి. ఆ తీర్పుతో చనిపోయిన భక్తుల కుటుంబాలకు కూడా న్యాయం అందకుండా పోయింది. అమాయకుడు జైల్లో ఉన్నంతకాలం నేరస్థుడు బయటే ఉంటాడు. రెండు పళ్లేలూ ఖాళీ అయిన తక్కెడ అది.

ఉగ్రవాద కేసులో నిర్దోషిగా తేలినవారికి పరిహారం చట్టంలోనే హక్కుగా రాసి ఉండాలి. కోర్టు దయగా కాదు, ఖజానా నుంచి తప్పనిసరిగా. తప్పుడు అరెస్టుకు లెక్క కట్టాల్సి వస్తుందని తెలిస్తే అరెస్టుకు ముందే ఎవరో ఒకరు ఫైలు రెండోసారి చదువుతారు. బెయిలు విషయంలోనూ అంతే. విచారణ ఏళ్లకేళ్లు ముగియకపోతే, చట్టం ఎంత కఠినంగా ఉన్నా రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక్కో కేసులో అదృష్టంగా దొరికేది కాకుండా అందరికీ వర్తించే గడువుగా మారాలి.

మళ్లీ జపాన్ దగ్గరికి వస్తాను. 1995 తర్వాత ఆ దేశం ఏ చట్టమైనా చేయగలిగేది, అడ్డుచెప్పేవాళ్లు ఉండేవారు కాదు. అయినా నేరం చేసినవాళ్లను మామూలు కోర్టుల్లో మామూలు హత్యా నేరాల కింద ఏళ్ల తరబడి విచారించారు. 13 మందికి మరణశిక్ష పడింది, 2018 జులైలో అమలు చేశారు. ఉరిశిక్ష మీద నాకు అభ్యంతరం ఉంది, అది వేరే చర్చ. మతసంస్థగా ఓమ్‌కు ఉన్న గుర్తింపు రద్దయింది. ఇక మిగిలింది 1952 నాటి విధ్వంసక కార్యకలాపాల నిరోధక చట్టం. దాన్ని ప్రయోగిస్తే ఆ శాఖ పేరుతో ఇద్దరు కూడి ప్రార్థన చేసుకోవడం కూడా కష్టమయ్యేది. ప్రయోగించడానికి ప్రభుత్వం అనుమతి అడిగింది. స్వతంత్ర కమిషన్ ఒకటి విచారించి, ఆ శాఖ నుంచి ఇకముందు అంతటి ప్రమాదం ఉందనడానికి తగిన ఆధారం లేదని 1997 జనవరిలో తిరస్కరించింది. విషవాయువుతో జనాన్ని చంపిన సంస్థ విషయంలో ఆ మాట అనడానికి ఎంత నిబ్బరం కావాలి. 1999లో నిఘాకు వేరే చట్టం వచ్చింది. మిగిలిన సభ్యులు నమ్మకాన్ని ఉంచుకోవచ్చు, వాళ్ల స్థావరాలను మాత్రం అధికారులు తనిఖీ చేస్తారు. నిఘా కొనసాగించాలంటే మూడేళ్లకోసారి మళ్లీ కారణం చూపించి అనుమతి తీసుకోవాలి.

అక్కడా అంతా సవ్యంగా జరగలేదు. చాలా ఊళ్లు ఓమ్ సభ్యుల నివాస నమోదును తిరస్కరించాయి. అసహరా పిల్లలకు చదువుకునే చోటు దొరకడం కష్టమైంది. తండ్రి చేసిన నేరానికి పిల్లల ముందు తలుపులు మూసిన సమాజం కూడా భద్రత గురించే మాట్లాడింది. నివాస నమోదు నిరాకరణ చెల్లదని కోర్టులు చెప్పాల్సి వచ్చింది.

మాట్సుమోటోలో ఫోన్ చేసిన ఆ మనిషికి పోలీసులు, పత్రికలు తర్వాత క్షమాపణ చెప్పారు. ఆయన మాత్రం భార్యను చూసుకుంటూ ఉండిపోయారు. ఆమెకు మళ్లీ స్పృహ రాలేదు, 2008లో చనిపోయారు. అంతకు ఆరేళ్ల ముందు, 2002లో, మాట్సుమోటో ఉన్న నగానో రాష్ట్ర పోలీసుల పనితీరును పర్యవేక్షించే ప్రజాభద్రతా కమిషన్‌లో ఒక స్థానం ఖాళీ అయింది. గవర్నరు ఆయన్ను అడిగారు. తనను హంతకుడని అనుమానించిన పోలీసుల మీద పర్యవేక్షకుడిగా ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు.